నేను కలగనలేదు

నా చిన్నప్పుడు నేను నిద్ర లేవగానే మా అమ్మ నా మొహం వంక చూసి, "ఏమొచ్చింది కలలో? నాకు చెప్పు, బయట చెప్పొద్దు" అనేది. వేరే ఇళ్ళలో తల్లులు పళ్ళు తోముకున్నావా అని అడిగే వేళకు మా ఇంట్లో ఈ విచారణ జరిగేది. నాకు వచ్చే కలలు అందరికీ వచ్చేలాంటివి కావు. వాటిలో వాసన ఉండేది, ఉక్కపోత ఉండేది, చేతిలో పట్టుకున్న వస్తువు బరువు కూడా తెలిసేది. లేచిన తరువాత కూడా అవి నన్ను విడిచిపెట్టేవి కావు. ఏది జరిగిందో, ఏది కలలో చూశానో తేల్చుకోలేక సగం రోజు అలాగే గడిచిపోయేది.

మాది కడప జిల్లా. ముస్లిములమే అయినా మా ఇళ్ళలో తరతరాలుగా మాట్లాడేది తెలుగే. మా నాయన సౌదీలో, జుబైల్‌లోని ఒక ఫ్యాక్టరీలో టెక్నీషియనుగా చేరి, కొన్నేళ్ళకు అమ్మనూ నన్నూ అక్కడికి తీసుకుపోయాడు. పాత ఊళ్ళో, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో ఒక పాత మేడలో మేముండేది. కింద అంతస్తంతా ఇంటి యజమానిది. ఆయన సౌదీ మనిషి. పైన మా వాటా, ఎదురు వాటా. ఎదురు వాటాలో ఉన్నవాళ్ళూ మా జిల్లావాళ్ళే. నేను వాళ్ళను మామా, అత్తా అని పిలిచేదాన్ని. ఆ ఎదురింటి మామ మా నాయనకు ఫోర్‌మన్. నాయన ఏ షిఫ్టుకు పోవాలో, ఎవరికి సెలవు దొరకాలో అంతా ఆయన నోటిమాట మీదే నడిచేది.

నా కలల సంగతి మొదట బయటపెట్టింది మా నాయన తల్లి, జేజి. అంటే, కలలో వచ్చిన జేజి. ఒకరోజు పొద్దున ఆమె ఊరి నుంచి వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నట్టు కలగన్నాను. ఆమె చీరకు అంటుకున్న వక్కపొడి వాసన కూడా తగిలింది. లేచి, ఆమెకు కూడా ఒక కంచం పెట్టి, అమ్మ ఎంత చెప్పినా తీయనివ్వకుండా ఏడ్చాను. ఇంకోసారి స్కూలు బస్సు తగలబడినట్టు కలవచ్చింది. ఆ రోజు బస్సు ఎక్కనని మెట్ల మీద చతికిలబడి, మిగతా పిల్లలను కూడా ఏడిపించేశాను. ఆ బస్సు కథ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పాకింది. ఎదురింటి మామ నాకు 'కలల బీబీ' అని పేరు పెట్టాడు. శుక్రవారం నమాజు అయ్యాక నాలుగు కుటుంబాలు ఎవరో ఒకరింట్లో కలిసి భోంచేసేవాళ్ళం. అందరూ కూర్చోగానే ఆయన గొంతు పెంచి, "ఏమ్మే కలల బీబీ, ఈ వారం ఏం సినిమా చూసినావు?" అనేవాడు. నేను చెప్పేదాకా వదిలేవాడు కాదు. చెప్పాక అందరూ నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

కింద యజమాని ఇంట్లో పనిచేయడానికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. సాయంత్రాలు మేడ మీద బట్టలు ఆరేయడానికి వచ్చేది. నేనూ అక్కడే ఆడుకునేదాన్ని. ఆమె యాస నాకు వింతగా ఉండేది, నా యాస ఆమెకు వింతగా ఉండేది. ఒకరి మాటలు ఒకరం అనుకరించుకుని పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. ఆమెకు ఊళ్ళో ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఇంకా మాటలు సరిగా రాకముందే వదిలిపెట్టి వచ్చింది. వాడి సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె నవ్వేది కాదు. క్లిప్పులు గట్టిగా నొక్కుతూ, తీగ మీద బట్టల వంకే చూసేది.

ఆ రోజు బడి లేదు. అన్నం తిని నిద్రపోయాను. ఆ ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు మనిషి అలికిడి ఉండదు. ఒక్క రొట్టెల అంగడి తప్ప అన్నీ మూసేస్తారు, కిటికీలకు పరదాలు దించేస్తారు, ఏసీల రొద తప్ప ఇంకేమీ వినపడదు. దాహమై లేచి, నీళ్ళు తాగి, పరదా కొంచెం పక్కకు జరిపి బయటకు చూశాను. సందులో అక్క నడిచి వస్తోంది. అఫ్గాన్ రొట్టెల అంగడిలో కొన్న పెద్ద రొట్టెలను రెండు చేతులతో ఎదకు ఆనించుకుని ఉంది. ఎదురింటి మామ కారు గోడవార నుంచి వెనక్కి వచ్చింది. చాలా వేగంగా వచ్చింది. అక్క ఎగిరి గోడకు తగిలి కింద పడింది. మామ దిగాడు. అక్కను చూశాడు. సందుకు అటూ ఇటూ చూశాడు. మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయాడు.

నేను అరిచాననే అనుకున్నాను కానీ నా గొంతులోంచి శబ్దం రాలేదు. పరదాను రెండు చేతులా పట్టి గుంజాను. ఒక పక్క కొక్కేలు ఊడి పరదా వేలాడింది. ఆ తరువాత వెళ్ళి మంచంలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. భయపడిన పిల్లలు దాక్కుంటారు, నేనూ దాక్కున్నాను. దాక్కుని, మళ్ళీ నిద్రలోకి జారిపోయాను. అదే నా కొంప ముంచింది.

అక్కను ఎవరో దారినపోయే మనిషి చూసి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ముంజేయి విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. చేతిలో రొట్టెల వేడి తప్ప ఆమెకు ఇంకేమీ గుర్తులేదు. ఎండకు కళ్ళు తిరిగి పడిపోయి ఉంటుందని ఇంటి యజమాని అనుకున్నాడు. చెయ్యి పనికిరాని పనిమనిషిని ఏం చేసుకుంటాం, కట్టు విప్పాక ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపించేద్దాం అని ఆయన భార్య పట్టుబట్టింది. ఈ సంగతి అమ్మ సాయంత్రం వంట చేస్తూ నాయనకు చెబుతుంటే నేను విని, "మామ కారు గుద్దింది. నేను చూసినా" అన్నాను.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాయన నన్ను దగ్గరికి పిలిచి, ఎప్పుడు చూశావని అడిగాడు. మధ్యాహ్నం నిద్రలేచి చూశానన్నాను. తరువాత ఏం చేశావన్నాడు. మళ్ళీ నిద్రపోయానన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో తలుపు తట్టి ఎదురింటి మామ లోపలికి వచ్చాడు. అక్కను ఎందుకు గుద్దినావని నేను నేరుగా ఆయన మొహం మీదే అడిగేశాను. ఆయన కొంచెం కూడా తడబడలేదు. కడుపు పట్టుకుని నవ్వాడు. "చూడప్పా, కడకు నా కారు కూడా దీని కలలోకి వచ్చేసింది. బస్సు కాల్చింది, ఇప్పుడు నా మీద పడింది" అన్నాడు. నాయన కూడా నవ్వాడు. అది నవ్వు కాదని, ఫోర్‌మన్ ఎదుట నవ్వక తప్పని నవ్వని నాకప్పుడు తెలియదు. "కలగన్నావులే, పోయి ఆడుకో" అన్నాడు మా నాయన.

ఆ తరువాతి శుక్రవారం ఆ కథ అందరి ముందూ మళ్ళీ నడిచింది. ఈసారి మామ స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని గురక పెడుతూ కారు నడుపుతున్నట్టు నటించి చూపించాడు. నా కలలో తాను అలాగే ఉన్నానట. పెద్దవాళ్ళు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నేను నవ్వలేదు. ఆ రోజే మొదటిసారి నాకు ఒక మనిషి మీద పగ పుట్టింది. చిన్నపిల్లల కోపం అన్నం తినేసరికి పోతుందంటారు గానీ, నాది పోలేదు. అన్నంలో, నీళ్ళలో, పాఠం పుస్తకంలో, ఎక్కడ చూసినా ఆయన గురక పెడుతున్న మొహమే కనిపించేది.

ఆ పగ కలలోకి దిగింది. రోజూ మధ్యాహ్నం నిద్రలో నేను ఆయన కారు దగ్గరికి పోయేదాన్ని. ఒకరోజు రాయితో అద్దాలన్నీ పగలగొట్టాను. గాజు పెంకులు అరికాలికి గుచ్చుకుని నొప్పి కూడా తెలిసింది. ఇంకోరోజు కిరసనాయిలు పోసి అంటించాను. మామ లోపల కూర్చుని అద్దం మీద కొడుతుంటే నిలబడి చూశాను. చెప్పుకోకూడదు గానీ, ఎంతో హాయిగా ఉండేది. లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. కారు చెక్కుచెదరకుండా గోడవార నిలబడి ఉండేది. నా చేతులకు కిరసనాయిలు వాసన వస్తున్నట్టే ఉండేది, కారు మాత్రం తళతళ మెరుస్తూ ఉండేది.

అసలు దెబ్బ అక్కడ తగిలింది. నేను కాల్చిన కారు కాలలేదు. పగలగొట్టిన అద్దం పగలలేదు. మరి అక్కను గుద్దడం మాత్రం నేను నిజంగా చూసినట్టా? అది కూడా ఇలాంటిదేనేమో. అందరూ అన్నదే నిజమేమో. పగ మాత్రం నిజంగా ఉంది, దాని కింద నేల మాత్రం జారిపోతోంది. బడిలో టీచరు నన్ను పిలిస్తే, ఇది కలేమోనని జవాబు చెప్పకుండా కూర్చునేదాన్ని. అన్నం తినడం తగ్గించాను. నిద్రపోవాలంటే భయం, లేచి ఉండాలన్నా భయం.

ఒక సాయంత్రం మేడ మీద అక్క కనిపించింది. చేతికి సిమెంటు కట్టు, తలకు పట్టీ. ఒంటిచేత్తో బట్టలు ఆరేస్తోంది. క్లిప్పును నోట కరిచి, భుజంతో బట్టను గోడకు నొక్కి, ఎలాగో తంటాలు పడుతోంది. నేను పోయి బట్ట అందుకున్నాను. ఆమె నా మొహం చూసి, "అదేటమ్మడూ, అలా పీక్కుపోయేవు? జొరమా?" అంది. ఏడుపు ముంచుకొచ్చింది. కారు సంగతి, కలల సంగతి, కిరసనాయిలు సంగతి అన్నీ చెప్పేశాను. నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. ఉన్నచోటే కింద కూర్చుండిపోయింది.

ఆ తరువాత ఆమె తన సంగతి చెప్పింది. ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో ఆమెకూ అంతే. కన్ను మూస్తే ఊరే. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుంటుంది, చిన్నాడు పక్కన పడుకుని కాలు మీద కాలేస్తాడు. లేచి, వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ చెయ్యి చాపితే చల్లటి గోడ తగులుతుంది. యజమాని భార్య చూసి పిచ్చిదనుకుంది. పని చేస్తూ చేస్తూ ఆగి, ఇది కలా, అది కలా అని నిలబడిపోయేది. అలాగే ఉంటే నిజంగానే పిచ్చెక్కుతుందని భయపడి, తనకు తానే ఒక దారి కనిపెట్టుకుంది.

"కలకి ముందుండదమ్మడూ, తరవాతుండదు" అంది. "ఊళ్ళో ఉన్నాననుకో. మరి విమానమెప్పుడెక్కేను? బస్సెక్కడ దిగేను? గుమ్మంలో చెప్పులెక్కడిడిచేను? అడిగితే కల నోరెత్తదు. నిజమైతే చెప్తది. ఇంకోటుంది. కల నీ లోపల మాత్రమే మచ్చ పెడతది. నిజం బయట కూడా పెడతది. ఇప్పుడు చెప్పు. కారు చూడకముందు నువ్వేం చేసేవు?"

దాహమై లేచానని చెప్పాను. గ్లాసు ఎక్కడ పెట్టావంది. కిటికీ గట్టు మీద. తరువాత? అరవబోయాను, గొంతు రాలేదు, పరదా గుంజాను, కొక్కేలు ఊడాయి. ఆ మాట అంటుండగానే నాకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం అమ్మ నన్ను తిట్టింది దేనికి? పరదా ఊడబెరికానని. అక్కకు దెబ్బ తగిలిందన్న కబురు ఇంట్లోకి రాకముందే తిట్టింది. నాయన స్టూలెక్కి ఆ కొక్కేలు మళ్ళీ బిగించాడు. నేను కిటికీ దగ్గర మేలుకొని నిలబడ్డాను. మంచంలో ఉన్న పిల్ల పరదా ఎలా ఊడబెరుకుతుంది?

"మరి కారు కాల్చినప్పుడో?" అంది అక్క. ముందేమీ లేదు. కిరసనాయిలు ఎక్కడ దొరికిందో నాకు తెలియదు. మా ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి. మెట్లు దిగిన గుర్తు కూడా లేదు. అంతే, రెండూ విడిపోయాయి. పాలల్లో పడిన వెంట్రుకను తీసి పక్కన పెట్టినంత తేలికగా అది నాలోంచి బయటికి వచ్చింది. ఆ క్షణంలో నాకు కలిగిన నిబ్బరం ఆ తరువాత ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

అక్క మొహం మాత్రం మారిపోయింది. అప్పటిదాకా ఎండకు పడిపోయాననే ఆమె కూడా అనుకుంటోంది. "అయితే దిగి, నన్ను చూసి మరీ వెళ్ళిపోయేడన్నమాట" అంది నెమ్మదిగా. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తోంది. నాకు ఆమెను చూస్తే భయం వేసింది. మేకు తీసుకుని పోయి ఆయన కారంతా గీకేస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"గీకితే రంగేయించుకుంటాడు. నాకూ ఉందమ్మడూ కసి, నీకన్నా ఎక్కువే ఉంది. కానీ కలలో తీర్చుకుంటే వాడికి తగల్దు. మెలకువలో తగలాలి." నాయనకు చెబుదామా అంటే, ఆయన నోరు ఫోర్‌మన్ చేతిలో ఉందంది. తన యజమానికి చెబితే చిన్నపిల్ల కల అని మామ నవ్వేసి పోతాడంది. కాసేపు ఆలోచించి, మామకు అన్నిటికన్నా దేని మీద గొప్ప అని అడిగింది. నేను ఆలోచించకుండానే చెప్పాను. కారు నడపడం మీద. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదని, మక్కా దాకా ఒక్కడే నడిపాడని శుక్రవారం శుక్రవారం చెప్పేవాడు. అక్క నవ్వింది. దెబ్బ తగిలాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు. అది మంచి నవ్వు కాదు, నాకు ఎంతో నచ్చింది. ఏం చెప్పాలో ఆ సాయంత్రమంతా నాకు నేర్పింది.

శుక్రవారం వంతు మా ఇంటిది. నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి అందరూ చుట్టూ కూర్చున్నారు. అమ్మ బిర్యానీ పళ్ళెం దించగానే మామ మొదలుపెట్టాడు. "ఏమ్మే కలల బీబీ, ఈ వారం ఏం సినిమా?"

"మళ్ళీ మీ కారే వచ్చింది మామా" అన్నాను. అందరూ నవ్వారు. "ఈసారి మీరు బాగా స్పీడుగా ముందుకు వస్తాండారు. రోడ్డు ఖాళీగా ఉంది. అక్క ఎదురుగా రొట్టెలు పట్టుకొని వస్తాంది. మీకు నిలువునా కనపడతానే ఉంది. అయితే బ్రేకు యాడుందో మీకు తెలీలేదు. చేతులు వణికినాయి. పోయి గుద్దేసినారు."

నవ్వు రెట్టింపైంది. ఈసారి నవ్వింది నన్ను చూసి కాదు. మా నాయన స్నేహితుడొకాయన, "ఫోర్‌మన్ సాబుకు బ్రేకు తెలీలేదంట!" అని తొడ చరిచాడు. ఇంకెవరో లైసెన్సు ఎవరిచ్చారప్పా అన్నారు. మామ మొహం ఎర్రబడింది.

"ఎదురుగా వచ్చే మనిషిని గుద్దేదానికి నేనేమన్నా గుడ్డోడినా?" అన్నాడు గట్టిగా. "వెనక్కి తీసేటప్పుడు గోడ పక్క నుంచి వచ్చి పడితే ఎవురికి మాత్రం కనపడతాది?"

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కరి దగ్గరే ఆగుతూ వచ్చింది. అందరికన్నా ముందు ఆగింది ఎదురింటి అత్త దగ్గర. ఆమె పళ్ళెంలోంచి చెయ్యి తీసింది.

"వెనక్కి తీసేటప్పుడా?" అంది.

"అదేలే... కలలో..."

"దాని కలలో నువ్వు ముందుకు వస్తాండావు గదా. వెనక్కి తీసింది ఎవురి కలలో?"

మామ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. "వెనక ఎర్రలైటు కొత్తది ఎందుకు వేయించినావంటే, రాయి తగిలింది అన్నావు నాతో" అంది అత్త. ఆ మాట చాలా మెల్లగా అంది. మామ మెడ మీద చెమట పట్టడం చూస్తూ నేను ఇంకో మాంసం ముక్క వేసుకున్నాను. ఎన్నాళ్ళ తరువాతో నాకు ఆకలి వేసింది.

మా నాయన లేచాడు. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు. మామ కూర్చున్నచోట నుంచే, "యాడికి పోతాండావు? కూర్చో" అన్నాడు, ఫ్యాక్టరీలో అనే గొంతుతో. నాయన ఒక్క క్షణం తలుపు దగ్గర ఆగాడు. "నా బిడ్డ చెప్తే నేను వినలేదు, అన్నా. కిందికి పోయి చెప్పొస్తా" అని మెట్లు దిగి యజమాని తలుపు తట్టాడు. ఆ పనికి మా నాయన చాలాకాలం మూల్యం చెల్లించాడు. ఎవరికీ ఇష్టంలేని షిఫ్టులన్నీ ఆయనకే పడ్డాయి. ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు.

యజమాని మంచివాడో కాదో నేను చెప్పలేను కానీ, తన ఇంటి మనిషిని గుద్ది వదిలేశారంటే తనను అవమానించినట్టు తీసుకున్నాడు. నీ అంతట నువ్వే ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వస్తావా, నేను పిలిపించనా అని అడిగాడు. మామ ఆయన వెంట తల వంచుకుని పోవడం కిటికీలోంచి చూశాను. పోలీసులు ఆయన్ని కొన్నాళ్ళు ఉంచుకుని, పాస్‌పోర్టు తీసుకుని వదిలారు. దెబ్బ తిన్న మనిషి, ఇక నాకు ఇతని మీద ఫిర్యాదు లేదు అని వేలిముద్ర వేసేదాకా ఆయన దేశం దాటడానికి లేదు. దాన్ని అక్కడ తనాజుల్ అంటారు. ఆ ముద్ర వేయాల్సిన వేలు మా అక్కది.

మామ మొదట పండ్ల బుట్టతో వచ్చాడు. అక్క తలుపు చాటు నుంచే తీసుకుపొమ్మంది. తరువాత, ఆసుపత్రి ఖర్చూ చెయ్యి బాగయ్యేదాకా జీతమూ తానే భరిస్తానని యజమాని ఎదుట ఒప్పుకున్నాడు. అది నాకు న్యాయంగా రావాల్సిందే కదా అని అక్క తీసుకుంది, ముద్ర మాత్రం వేయలేదు. ఎగ్జిట్ మాట యజమాని భార్య మళ్ళీ ఎత్తలేదు. మూడోసారి మామే అడిగాడు, ఇంకేం కావాలని. "ఆ పిల్లతో నిజం చెప్పండి. ఎవరెవరి ముందు నవ్వేరో వాళ్ళందరి ముందూ చెప్పండి" అంది అక్క. చిన్నపిల్ల ముందు తల దించాలా అని ఆయన విసురుగా వెళ్ళిపోయాడు.

అక్కకు తొందరేమీ లేదు. ఊళ్ళో ఆయన చెల్లెలి పెళ్ళి వచ్చింది. ఆయన లేకుండానే జరిగిపోయింది. రోజూ బడి నుంచి రాగానే మేడెక్కి, "ఈ పొద్దు వచ్చినాడా?" అని అడిగేదాన్ని. "రాలేదమ్మడూ, ఇంకా ఉడకాలి" అనేది అక్క. ఇద్దరం గోడకు ఆనుకుని నవ్వుకునేవాళ్ళం. అంత తీయని రోజులు నా బాల్యంలో ఎక్కువ లేవు.

చివరికి ఒక శుక్రవారం ఆయన వచ్చాడు. అందరూ ఉన్నారు. అక్కను కూడా యజమాని పైకి పంపించాడు. ఆమె తలుపు దగ్గర నిలబడింది. మామ షీటు అంచున నిలబడి, నేల చూస్తూ, "పాపా, నువ్వు చూసింది నిజమే. నువ్వు కలగనలేదు. నేనే అబద్ధం చెప్పినా" అన్నాడు.

అక్క నా వంక చూసి, "చాలా?" అంది. చాలు అనాలని అమ్మ కళ్ళతో సైగ చేస్తోంది. నేను అమ్మ వంక చూడలేదు.

"మూల కూర్చున్నోళ్ళకు వినపడలేదు. మళ్ళీ చెప్పమను" అన్నాను.

ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి తలెత్తి, గట్టిగా చెప్పాడు. అక్క ఆ మరుసటి రోజే వేలిముద్ర వేసింది.

అప్పటికీ నా కసి పూర్తిగా తీరలేదు. కారు గీకడానికి దాచుకున్న మేకు ఇంకా నా పెన్సిళ్ళ డబ్బాలోనే ఉంది. అక్కకు చూపిస్తే తీసుకుని మేడ మీద నుంచి విసిరేసింది. "రావాల్సింది వచ్చేసిందమ్మడూ. ఇంక నువ్వు చేసేదంతా కల కిందే లెక్క" అంది. ఆ తరువాత కొన్నాళ్ళకు మామ వాళ్ళు ఎర్రసముద్రం వైపు ఉన్న రాబిగ్‌కు మారిపోయారు. వెళ్ళేటప్పుడు అత్త నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఆయన దూరంగా నిలబడ్డాడు. అక్క ఇంకా కొంతకాలం పనిచేసి, కొంచెం వంకరగా అతుక్కున్న చేత్తోనే ఊరికి వెళ్ళిపోయింది. చిన్నాడు గుర్తుపట్టాడో లేదో నాకు తెలియలేదు. గుర్తుపట్టే ఉంటాడని అనుకుంటాను.

తిరిగి తిరిగి ఇప్పుడు మళ్ళీ ఈ జుబైల్‌లోనే, కొడుకు దగ్గర ఉంటున్నాను. నా కలలు ముసలితనంలో కూడా పలచబడలేదు. చనిపోయిన మా నాయన పక్కన కూర్చుని టీ తాగి పోతాడు, లేచాక కప్పు కోసం వెతుకుతాను. మా మనవరాలికీ ఈ గుణమే వచ్చింది. మొన్న అది ఏదో చెబితే కోడలు, "కల వచ్చిందిలే" అనబోయింది. ఆ మాట నా ఎదుట అనొద్దన్నాను. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, దానికి ముందేం జరిగిందో, తరువాతేం జరిగిందో అడిగాను. ఈసారి అది కలే. ఆ సంగతి తనే తెలుసుకుని, నిమ్మళంగా లేచిపోయింది.

అక్క ఆయన్ని వదిలేసింది. నేను ఆయన్ని క్షమించానో లేదో ఇన్నేళ్ళు గడిచినా తేల్చుకోలేదు. తేల్చుకోవాలని కూడా లేదు. నా దగ్గర మిగిలింది వేరే. ఏదైనా చూశాక, ఎవరైనా నవ్వి నువ్వు పొరబడ్డావంటే, నేను గొంతు పెంచను, ఏడవను. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని దానికి ముందేముందో వెతుకుతాను, తరువాతేముందో వెతుకుతాను. రెండూ దొరికాయా, ఇక ఎదుట ఉన్నది ఎంత పెద్ద మనిషైనా సరే, నా మాట మార్చుకోను.